గుణించిన మీథేన్, కొలిచిన మీథేన్: చిత్తూరు ఇంజనీరు ప్రశ్నకు సమాధానం

చిత్తూరు నుంచి ఒక యువ ఇంజనీరు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. ఆయన పనిచేసే నగర గ్యాసు పంపిణీ సంస్థ ప్రతి ఏటా ఇచ్చే పర్యావరణ నివేదికలో, సహజవాయువులో ప్రధాన భాగమైన మీథేన్ ఉద్గారాలు ఎన్ని టన్నులో రాయాలి. పాత ఫైలులో ఉన్న పద్ధతి ప్రకారం ఇంతవరకు పైపులైను కిలోమీటర్లను ఒక విదేశీ పట్టికలోని గుణకంతో గుణించి, వచ్చిన అంకెను వేస్తూ వచ్చారు. ఈ ఏడాది ఆ బాధ్యత ఈయన చేతికి వచ్చింది. ఆ అంకెను నమ్మవచ్చా, నమ్మకూడదంటే ఎలా కొలవాలి, ఉపగ్రహ సమాచారం కొనమని ఒక సలహాదారు చెబుతున్నది ఎంతవరకు పనికొస్తుంది, తక్కువ ఖర్చుతో ఉద్గారాలను ఎక్కడ తగ్గించవచ్చు అని ఆయన అడిగారు.

నేను ముప్ఫై ఏళ్ల పాటు గోదావరి జిల్లాల గ్యాసు క్షేత్రాల్లోను, తర్వాత కంప్రెసర్ స్టేషన్లలోను, చివరి కొన్నేళ్లు నగర పంపిణీలోను పనిచేసి ప్రస్తుతం తిరుపతిలో ఉంటున్నాను. ముందుగా క్లుప్తంగా చెబుతాను. గుణకంతో వచ్చిన అంకె మీ నెట్‌వర్కు పొడవు ఎంతో చెబుతుందే తప్ప అందులోంచి ఎంత గ్యాసు పోతోందో చెప్పదు. ఉపగ్రహం మీ అవసరానికి తగిన పనిముట్టు కాదు. మనమే వాల్వు తెరిచి చేజేతులా వదిలే గ్యాసును మొదట లెక్కకట్టి ఆపండి, మనకు తెలియకుండా కారిపోయే గ్యాసును తర్వాత వెతకండి. చాలామంది ఈ వరుసను తిరగేసి చేస్తారు, అందుకే డబ్బు ఖర్చవుతుంది గానీ అంకె తగ్గదు.

గుణకం సంగతి కొంచెం వివరంగా చూద్దాం. ఎవరో ఎక్కడో కొన్ని వందల వాల్వులను, జాయింట్లను, కిలోమీటర్ల పైపును కొలిచి, సగటు తీసి, ఒక్కొక్కదానికి ఏడాదికి ఇంత అని పట్టిక వేస్తారు. సగటు అనే మాటకు అర్థం ఉండాలంటే కొలతలన్నీ దాని చుట్టూ దగ్గర దగ్గరగా ఉండాలి. గ్యాసు లీకేజీలలో అలా ఉండదు. వెయ్యి జాయింట్లలో అత్యధిక భాగం దాదాపు ఏమీ వదలవు, కొన్ని కాస్త వదులుతాయి, చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని మాత్రం అన్నిటి వాటానూ తామే వదిలేస్తాయి. సహజవాయు లీకేజీలపై అంతకుముందు జరిగిన కొలతలన్నిటినీ ఒకచోట చేర్చి 2016లో ప్రచురించిన విశ్లేషణలో, అతిపెద్ద 5 శాతం లీకుల నుంచే మొత్తం ఉద్గారాల్లో సగానికి పైగా వస్తున్నదని తేలింది. అందువల్ల మీరు ఓ ఇరవై జాయింట్లు చూసి ఏమీ లేదనుకుంటే, అసలు దొంగ ఇరవై ఒకటో జాయింటులో ఉండి ఉండవచ్చు.

అమెరికాలో బావి దగ్గర నుంచి వినియోగదారు దాకా ఉన్న చమురు, గ్యాసు సరఫరా వ్యవస్థ మొత్తాన్ని క్షేత్ర కొలతలతో సరిచూసి 2018లో ప్రచురించిన అధ్యయనం ఏడాదికి సుమారు 1 కోటి 30 లక్షల టన్నుల మీథేన్, అంటే ఉత్పత్తయిన గ్యాసులో 2.3 శాతం, గాలిలో కలుస్తోందని చెప్పింది. అక్కడి పర్యావరణ సంస్థ గుణకాలతో కట్టిన లెక్క కంటే ఇది దాదాపు 60 శాతం ఎక్కువ. అయితే ఈ వార్త చదివి మన లెక్కనూ 60 శాతం పెంచేస్తే సరిపోతుందని ఎవరూ అనుకోకూడదు, ఎందుకంటే అదే దేశంలో నగర పంపిణీ వ్యవస్థల మీద 2015లో వచ్చిన ఒక అధ్యయనం ఉద్గారాలు ప్రభుత్వ లెక్క కంటే బాగా తక్కువని చెబితే, 2020లో వీధుల్లో కార్లు తిప్పి చేసిన మరొక అధ్యయనం పైపులైన్ల లీకేజీ దాదాపు అయిదు రెట్లు ఎక్కువని చెప్పింది. ఒకే దేశం, ఒకే రకం వ్యవస్థ, అయినా ఇంత తేడా. పాత పోత ఇనుప పైపులున్న ఆ ఊళ్ల అంకెను తెచ్చి, నిన్న గాక మొన్న వేసిన పీఈ (పాలిథిలీన్ ప్లాస్టిక్) పైపులున్న చిత్తూరుకో తిరుపతికో అంటగడితే ఆ అంకెకు ఏ విలువ ఉంటుంది?

ఇక కొలత విషయం. ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవారు తొంభై శాతం మంది పడే పొరపాటు ఒకటుంది. చేతి పరికరం మీద కనిపించే పీపీఎం (గాలిలోని పది లక్షల భాగాల్లో గ్యాసు ఎన్ని భాగాలు) అంకెను చూసి ఇది పెద్ద లీకు, ఇది చిన్న లీకు అని నిర్ణయించేస్తారు. పీపీఎం అనేది ఆ చోట, ఆ క్షణంలో గాలిలో ఉన్న గాఢత మాత్రమే. పోపు వాసన వీధి చివరిదాకా వచ్చినంత మాత్రాన బాణలిలో ఎంత నూనె పోశారో చెప్పలేం గదా. గాలి కదలని మీటరు పెట్టెలో సూదిమొనంత రంధ్రం 10,000 పీపీఎం చూపించవచ్చు, మూడు మీటర్ల ఎత్తున్న వెంటు గొట్టంలోంచి ధారగా పోతున్న గ్యాసు దాని కింద నిలబడినవాడి పరికరంలో 50 పీపీఎం కూడా చూపించకపోవచ్చు. ప్రమాద నివారణకు గాఢత ముఖ్యం, ఎందుకంటే మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడే అంటుకుంటుంది. ఉద్గారాల లెక్కకు మాత్రం కావలసింది ప్రవాహ రేటు, అంటే నిమిషానికి ఎన్ని లీటర్లు లేదా గంటకు ఎన్ని కిలోలు అన్నది. మీ రిజిస్టరులో ఈ రెండిటికీ వేర్వేరు గడులు ఉండాలి.

ప్రవాహ రేటును నేరుగా కొలిచే పద్ధతుల్లో హై ఫ్లో శాంప్లర్ అనే పరికరం మీలాంటి సంస్థకు బాగా సరిపోతుంది. లీకు చుట్టూ ఉన్న గాలిని, లీకైన గ్యాసు అంతా అందులోకి వచ్చేంత బలంగా అది పీల్చుకుని, ఎంత గాలి పీల్చిందో, అందులో మీథేన్ ఎంత శాతమో కొలుస్తుంది. నిమిషానికి 200 లీటర్ల గాలి పీల్చి, అందులో 0.5 శాతం మీథేన్ కనిపించిందనుకుందాం, అప్పుడు లీకు నిమిషానికి 1 లీటరు. వినడానికి అల్పంగా ఉంటుంది. రోజుకు 1,440 లీటర్లు, ఏడాదికి సుమారు 525 ఘనపు మీటర్లు, బరువులో దాదాపు 350 కిలోలు. నెలకు 13, 14 ఘనపు మీటర్లు వాడే మూడు కుటుంబాలు ఏడాది పొడవునా వంట చేసుకునే గ్యాసు అది. ఎవరి బిల్లులోనూ పడకుండా గాలిలో కలిసిపోతుంది.

అంత పరికరం లేకపోయినా సంచీ, స్టాప్‌వాచీ ఉంటే చాలా పని జరుగుతుంది. ఒక కంప్రెసర్ స్టేషన్‌లో, ఏ సంస్థదో అప్రస్తుతం, పిస్టన్ రాడ్ ప్యాకింగు (రాడ్ చుట్టూ గ్యాసు బయటికి రాకుండా బిగించే రింగులు) నుంచి వచ్చే గ్యాసును ఒక సన్నని గొట్టం ద్వారా షెడ్డు పైకప్పు దాటించి వదిలేవారు. నేల మీద నిలబడి చేసిన ప్రతి లీకు సర్వేలోనూ ఆ స్టేషన్‌కు మంచి మార్కులే వచ్చేవి, ఎందుకంటే పైకప్పు మీదికి ఎవరూ ఎక్కలేదు. ఒక శీతాకాలపు ఉదయం నేనూ, ఒక ఫిట్టరూ స్థిర విద్యుత్తు పుట్టని సంచీ ఒకటి తీసుకుని, ఫోన్లు కిందే వదిలేసి, పర్మిట్ రాయించుకుని పైకి ఎక్కాం. 90 లీటర్ల సంచీ నిండడానికి పావుగంట పడుతుందని, కబుర్లు చెప్పుకోవచ్చని ఫిట్టరు అనుకున్నాడు. అది 40 సెకన్లలో బిగుసుకుపోయింది. అనుమానంతో మూడుసార్లు కొలిచాం, ప్రతిసారీ రెండు మూడు సెకన్ల తేడాతో అంతే. నిమిషానికి 135 లీటర్లు. కొత్తగా వేసి సరిగ్గా కూర్చున్న ప్యాకింగు అయితే నాలుగైదు లీటర్లకు మించకూడదు. ఆ యంత్రం ఏడాదంతా అలాగే నడిచి ఉంటే 70 వేల ఘనపు మీటర్ల గ్యాసు ఆ గొట్టంలోంచే పోయేది, అంటే నాలుగు వందల పైచిలుకు ఇళ్ల వంట. తర్వాతి షట్‌డౌన్‌లో ప్యాకింగు రింగులు మార్చారు, అరిగిన రాడ్‌ను సానబెట్టించారు. ఆ ఖర్చు ఆదా అయిన గ్యాసు విలువతో కొన్ని నెలల్లోనే తిరిగి వచ్చేసింది. నాకు అన్నిటికంటే బాధ కలిగించిన విషయం, ఆ స్టేషన్ వార్షిక నివేదికలో ఆ యంత్రం పక్కన పట్టికలోని గుణకం ప్రకారం అందమైన చిన్న అంకె ఉండడం.

లీకు ఎక్కడుందో కనిపెట్టే పరికరాలు వేరు. పరారుణ కెమెరా మీథేన్ 3.3 మైక్రాన్ల దగ్గర కాంతిని పీల్చుకునే గుణం ఆధారంగా గ్యాసును పొగలా చూపిస్తుంది, చూడడానికి అద్భుతంగా ఉంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది, కాబట్టి కొనకుండా ఏడాదికి రెండుసార్లు అద్దెకు తెచ్చుకోవడం మేలు. చేతిలో పట్టుకునే లేజరు డిటెక్టరు మీ రోజువారీ పనికి చాలు. ఫ్లాంజి, వాల్వు గ్లాండు, రెగ్యులేటరు దగ్గర సబ్బునీళ్లకు మించిన పనిముట్టు ఇంతవరకు నేను చూడలేదు, కాకపోతే మన ఎండల్లో మధ్యాహ్నం పూట నురగ పొంగేలోపే ఆరిపోతుంది కనుక ఆ పని తెల్లవారుజామున పెట్టుకోండి. ఇంకొక మాట. మన దగ్గర పనివాళ్లలో చాలామంది సిలిండర్ గ్యాసు పని నుంచి వచ్చినవారే. ఆ గ్యాసు గాలి కంటే బరువు, నేలను అంటుకుని పాకుతుంది, కాబట్టి వాళ్లు అలవాటు చొప్పున వంగి, పరికరాన్ని గడప దగ్గర పెట్టి వెతుకుతారు. మీథేన్ బరువు గాలి బరువులో సగం కంటే కాస్త ఎక్కువ, అది పైకి పోతుంది. మొదటి రోజు శిక్షణలోనే ఈ సంగతి చెప్పి, చెయ్యి పైకెత్తి వెతికించండి.

భూమిలో ఉన్న పీఈ పైపు విషయంలో మరొక చిక్కు ఉంది. సిమెంటు రోడ్డు కింద లీకైన గ్యాసు నేరుగా పైకి రాలేక, పక్కకు జరిగి, కాలువ అంచునో ప్రహరీగోడ మొదట్లోనో బయటపడుతుంది. వాన పడి మట్టి తడిసి ఉంటే ఇంకా దూరం పోతుంది. పైపు వెంబడి ఇనుప కడ్డీతో చిన్న రంధ్రాలు వేసి, ఒక్కొక్క రంధ్రంలో గాఢత చూసుకుంటూ పోతే ఎక్కడ అత్యధికమో అక్కడ తవ్వాలి. అయితే తవ్వేముందు అది మీ గ్యాసేనా అని కూడా చూసుకోవాలి. తిరుపతిలో ఒక వీధి మలుపులో లేజరు డిటెక్టరు వరుసగా రెండు రోజులు ఒకేచోట మీథేన్ చూపించింది. సర్వే చేసిన కుర్రాడు పరిగెత్తుకొచ్చి రోడ్డు తవ్వడానికి అనుమతి రాయమన్నాడు. నిజానికి అక్కడ మీథేన్ ఉంది, అతని పరికరం అబద్ధం చెప్పలేదు, కానీ అది భూగర్భ డ్రైనేజీ మ్యాన్‌హోల్ మూత సందులోంచి వస్తోంది. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు, చెత్త గుట్టలు, పశువులు, నీళ్లు నిలిచిన వరిమళ్లు అన్నీ మీథేన్‌ను పుట్టిస్తాయి. మన దేశ మీథేన్ లెక్కలో దాదాపు నాలుగింట మూడొంతులు వ్యవసాయం, పశుపోషణలదే. వీటి గ్యాసులో ఈథేన్ అనే మరో వాయువు ఉండదు, భూగర్భం నుంచి తీసిన సహజవాయువులో సాధారణంగా కొంత ఉంటుంది. అందుకే మీథేన్‌తో పాటు ఈథేన్ కూడా చూసే పరికరం ఉంటే ఇలాంటి తగువులు అక్కడికక్కడే తేలిపోతాయి. కొన్ని ఎల్‌ఎన్‌జీ (చల్లబరిచి ద్రవంగా మార్చిన సహజవాయువు) సరుకుల్లో ఈథేన్ చాలా తక్కువగా ఉంటుంది కాబట్టి, మీకు గ్యాసు ఇచ్చేవారి నుంచి గ్యాసులో ఏది ఎంత ఉందో చూపే ఆ నెల క్రొమటోగ్రాఫ్ నివేదిక తెప్పించుకుని దాని ప్రకారం నిర్ణయించండి.

కొన్న గ్యాసులోంచి అమ్మిన గ్యాసు తీసేస్తే మిగిలేది లీకేజీయే గదా, ఇంత కష్టం ఎందుకు అని మీ అకౌంట్సు విభాగం తప్పకుండా అడుగుతుంది. ఆ తేడాలో లీకేజీ ఒక చిన్న భాగమే, మిగిలినదంతా మీటర్ల తేడా. ఇళ్ల బయట గోడకు బిగించిన డయాఫ్రం మీటరుకు ఉష్ణోగ్రత దిద్దుబాటు లేకపోతే ఏమవుతుందో లెక్క వేయండి. గ్యాసు పరిమాణాన్ని 15 డిగ్రీల దగ్గర ప్రమాణంగా లెక్కించి కొంటాం, మే నెలలో మీటరులో ఉన్న గ్యాసు 40 డిగ్రీల దగ్గర ఉంటే అదే గ్యాసు దాదాపు 8.7 శాతం ఉబ్బి కనిపిస్తుంది. చిత్తూరు సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున ఉండడం వల్ల వాతావరణ పీడనం తగ్గి మరికొంత ఉబ్బు చేరుతుంది, మీటరు దగ్గరి 21 మిల్లీబార్ల సరఫరా పీడనం అందులో కొంత మాత్రమే సరిచేస్తుంది. మొత్తం మీద పది శాతం దాకా ఎక్కువ అమ్మినట్టు పుస్తకాల్లో కనిపిస్తుంది. వేసవిలో కొన్నదానికంటే అమ్మింది ఎక్కువై నష్టం మైనస్‌లోకి పోవడం, అది చూసి లీకేజీ అసలే లేదని సంబరపడడం నేను కళ్లారా చూశాను. పైపులోంచి గ్యాసు పుట్టుకురాదు. లీకేజీ వాటా సాధారణంగా ఒక శాతం లోపే ఉండే చోట, పది శాతం ఊగిసలాడే తక్కెడతో దాన్ని తూచలేం.

ఉపగ్రహం గురించి. 2017లో ప్రయోగించిన ఐరోపా సెంటినెల్-5పీ ఉపగ్రహంలోని ట్రోపోమీ పరికరం భూమి మొత్తాన్ని ప్రతిరోజూ చూస్తుంది, కానీ దాని చిత్రంలోని ఒక్కొక్క గడి సుమారు 5.5 కిలోమీటర్ల పొడవు, 7 కిలోమీటర్ల వెడల్పు. తిరుపతి నగరపాలక సంస్థ పరిధి దాదాపు అంతా ఒకే గడిలో ఇమిడిపోతుంది. అందులో గంటకు టన్నుల లెక్కన పోయే లీకులు కనిపిస్తాయి గానీ మీ వీధిలోని రెగ్యులేటరు కనిపించదు. జీహెచ్‌జీశాట్ వంటి ప్రైవేటు ఉపగ్రహాలు ఎంతో సన్నగా చూస్తాయి, వాటికి కూడా గంటకు 100 కిలోల స్థాయి లీకు కావాలి. పైన చెప్పిన ప్యాకింగు గొట్టం, అంత దారుణమైనదే, గంటకు అయిదారు కిలోలు మాత్రమే. దీని అర్థం ఉపగ్రహాలు పనికిరానివని కాదు. కాలిఫోర్నియాలోని ఆలిసో కాన్యన్ భూగర్భ నిల్వ బావి 2015 అక్టోబరు నుంచి 2016 ఫిబ్రవరి దాకా లీకై దాదాపు 97 వేల టన్నుల మీథేన్ వదిలినప్పుడు అది అంతరిక్షం నుంచి కూడా కనిపించింది. పెద్ద క్షేత్రాలు, ఎడారిలో ఆరిపోయిన ఫ్లేర్లు (గ్యాసును మంటపెట్టి కాల్చే గొట్టాలు), ఎవరూ చెప్పుకోని బావులు ఇలాంటి వాటిని బయటపెట్టడంలో ఉపగ్రహాలకు సాటి లేదు. 2024 మార్చిలో ఈ పని కోసమే పంపిన మీథేన్‌శాట్‌తో 2025 జూన్‌లో సంబంధాలు తెగిపోవడం ఈ రంగానికి నిజంగా నష్టం. మీ సలహాదారు అమ్ముతున్నది చెడ్డ సరుకు కాదు, మీ ఇంటికి పట్టని సరుకు.

గాలి వాలున వాహనం తిప్పి, లేదా డ్రోన్ ఎగరేసి స్టేషన్ మొత్తం ఎంత వదులుతోందో అంచనా కట్టే పద్ధతి మీ పెద్ద స్టేషన్లకు ఏడాదికి ఒకసారి చేయించవచ్చు. దానికి నిలకడగా ఒకే దిక్కునుంచి వీచే గాలి కావాలి. శేషాచలం కొండల పాదంలో పగలు గాలి కొండ ఎక్కుతుంది, రాత్రి దిగుతుంది, మధ్యలో తచ్చాడుతుంది, కాబట్టి మైదానానికి రాసిన సూత్రాన్ని ఇక్కడ గుడ్డిగా వాడితే అంకె రెట్టింపో సగమో అవుతుంది. తిరుపతి–చిత్తూరు దారిలోని గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో ఈ ప్రాంతపు గాలులను 1990ల నుంచి కొలుస్తున్నారు. ఏ నెలలో, ఏ వేళలో గాలి నిలకడగా ఉంటుందో అక్కడివారిని అడిగి తెలుసుకుని కొలతకు రోజు పెట్టుకోవడం ఉత్తమం.

తగ్గించే పని మనం చేజేతులా వదిలే గ్యాసుతో మొదలుపెట్టమన్నాను గదా, ఎందుకో ఒక లెక్కతో చెబుతాను. లోపలి వ్యాసం 20 సెంటీమీటర్లున్న 10 కిలోమీటర్ల ఉక్కు పైపు, 20 బార్ పీడనం, ఒక వాల్వు మార్చడానికి దాన్ని ఖాళీ చేయాలి. పైపు లోపలి ఘనపరిమాణం 314 ఘనపు మీటర్లు. 20 బార్ నుంచి బయటి పీడనానికి దించితే సుమారు 6,300 ఘనపు మీటర్ల గ్యాసు, నాలుగు టన్నులకు పైగా మీథేన్, అరగంటలో గాలిలో కలుస్తుంది. నిమిషానికి లీటరు కారే లీకు అంత వదలాలంటే పన్నెండేళ్లు పడుతుంది. అదే పనిని రెండు రోజుల ముందు ప్రణాళిక వేసుకుని, పై వాల్వు మూసి, కింది వినియోగదారులకు ఆ గ్యాసును వాడుకోనిచ్చి, పీడనం 4 బార్‌కు దిగాక మాత్రమే తెరిస్తే 1,250 ఘనపు మీటర్లతో పోతుంది. అయిదింట నాలుగు వంతులు మిగిలాయి, పైసా ఖర్చు లేదు, కావలసింది ప్లానింగు విభాగం, ఆపరేషన్స్ విభాగం ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల బాయిలర్లు నడిచే మే, జూన్, జూలై నెలల్లో ఈ వాడకం గంటల్లో జరిగిపోతుంది, ఆ ఫ్యాక్టరీలు మూతపడ్డ నెలల్లో రోజులు పడుతుంది. కాబట్టి ఖాళీ చేయవలసిన పనులను సీజనులో పెట్టుకోండి. సీజనులో సరఫరా ఆపడమా అని మార్కెటింగు వారు కేకలేస్తారు, ఒక పూట ఆపడానికి వారిని ఒప్పించే బాధ్యత మీదే. మిగిలిన 4 బార్ల గ్యాసును కూడా వదలకుండా, పోర్టబుల్ కంప్రెసర్‌తో పక్క లైనులోకి ఎక్కించవచ్చు, అది లేకపోతే మంటపెట్టి కాల్చాలి.

కాల్చడం కాలుష్యం, వదలడం శుభ్రం అని మన మనసుకు తోస్తుంది, కానీ వాతావరణానికి సంబంధించినంతవరకు సత్యం దీనికి తలకిందులు. ఒక కిలో మీథేన్ పూర్తిగా కాలితే 2.75 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కాల్చకుండా వదిలితే అదే కిలో, వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ ఆరో నివేదిక ప్రకారం, వందేళ్ల లెక్కలో 29.8 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో, ఇరవై ఏళ్ల లెక్కలో 82.5 కిలోలతో సమానం. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి బ్లోఅవుట్ అయి, అంటే గ్యాసు అదుపు తప్పి ఎగజిమ్మి, 65 రోజులు మండినప్పుడు ఆ మంట చూసిన కోనసీమవాళ్లెవరికీ ఈ మాట రుచించదు, అయినా అంత గ్యాసూ మండకుండా పోయి ఉంటే వాతావరణానికి పడే దెబ్బ ఎన్నో రెట్లు ఎక్కువ. ఫ్లేరు ఉందంటే కాలుతోందని కూడా నమ్మకండి. ఫ్లేర్లలో 98 శాతం గ్యాసు కాలుతుందని పట్టికల్లో రాసుకుంటాం, అమెరికా చమురు క్షేత్రాల మీద విమానాలతో కొలిచి 2022లో ప్రచురించిన అధ్యయనం మాత్రం ఆరిపోయిన ఫ్లేర్లను కూడా కలుపుకుంటే అసలు ఫలితం 91 శాతమే అని చెప్పింది.

బావుల దగ్గర గ్యాసు పీడనంతో నడిచే కంట్రోలర్లను గాలితోనో విద్యుత్తుతోనో నడపడం, సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్లలో తడి సీళ్ల బదులు పొడి సీళ్లు వేయడం, ట్యాంకుల ఆవిరిని పట్టి తిరిగి వాడుకోవడం అందరికీ తెలిసినవే, మీ పరిధిలోనివి కావు కాబట్టి వదిలేస్తున్నాను. మీ దగ్గర చూడవలసినవి సీఎన్‌జీ కంప్రెసర్ ఆగిన ప్రతిసారీ జరిగే బ్లోడౌన్ (లోపలి గ్యాసును బయటికి వదిలేయడం), డిస్పెన్సర్ గొట్టం తీసినప్పుడు పోయే కొద్దిపాటి గ్యాసు, ఎల్‌ఎన్‌జీ ట్యాంకు ఉన్న స్టేషన్ అయితే అమ్మకం తక్కువైన రోజుల్లో ఆవిరై సేఫ్టీ వాల్వు ద్వారా పోయే గ్యాసు. మొదటిదాన్ని రికవరీ పాత్రలోకి మళ్లించి తిరిగి సక్షన్‌కు, అంటే కంప్రెసర్ గ్యాసు పీల్చుకునే వైపుకు, పంపవచ్చు. మూడోది ఎక్కువగా సరుకు ఆర్డరు పెట్టేవారి చేతిలో ఉంది. అమ్మకం అంచనా వేయకుండా ట్యాంకరు తెప్పించి, మైనస్ 160 డిగ్రీల చల్లని ద్రవాన్ని మన ఎండలో వారాల తరబడి కూర్చోబెడితే అది ఊరుకోదు.

నగర నెట్‌వర్కులో వీటన్నిటికంటే పెద్ద శత్రువు జేసీబీ. కాలువ పనికో, ఫైబర్ కేబుల్‌కో తవ్వి 4 బార్ల పీఈ పైపును తెంపేస్తే పది నిమిషాల్లో పోయే గ్యాసు మీ ఏడాది లీకులన్నిటితో పోటీపడుతుంది. తవ్వేవారు ముందుగా తెలియజేయడానికి కేంద్ర ప్రభుత్వం 2023 మార్చిలో కాల్ బిఫోర్ యూ డిగ్ యాప్ తెచ్చింది. దానిలో మీ పైపులైను వివరాలు ఉన్నాయో లేదో ఈ వారమే చూడండి. పైపు తెగిన ప్రతి ఘటనలోనూ ఫోను వచ్చిన సమయం, స్క్వీజ్ టూల్‌తో పైపును నొక్కి గ్యాసు ఆపిన సమయం, రంధ్రం కొలతలు, లైను పీడనం ఈ నాలుగూ రాసిపెడితే ఎంత గ్యాసు పోయిందో లెక్కించవచ్చు. ఆ స్క్వీజ్ టూల్ స్టోరులో తాళం వేసి ఉంటే ఒక సంఖ్య, వీధిలో తిరిగే బృందం బండిలోనే ఉంటే మరొక సంఖ్య వస్తుంది. ఉద్గారాల పేరుతో చేసే ఈ పని ప్రాణాలకూ రక్షణే. 2014 జూన్ 27న తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయిన ఘటన మన రాష్ట్రంలో గ్యాసు పని చేసే ఎవరూ మరచిపోలేరు.

నివేదికలో మొదట మీథేన్‌ను టన్నుల్లోనే రాయండి, కార్బన్ డయాక్సైడ్ సమానం తర్వాత రాసి, వందేళ్ల లెక్కో ఇరవై ఏళ్ల లెక్కో స్పష్టంగా చెప్పండి. కొలిచినదెంత, ఇంజనీరింగు లెక్కతో వచ్చినదెంత, ఇంకా గుణకం మీదే ఆధారపడ్డదెంత అని మూడు వరుసలుగా విడదీయండి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2020లో తెచ్చిన ఓజీఎంపీ 2.0 అనే మీథేన్ నివేదికల చట్రంలో ఉన్న అయిదు మెట్లు దాదాపు ఈ దారిలోనే పోతాయి. అయిదో మెట్టు ఒక్కొక్క పరికరం కొలతలను కూడి, స్టేషన్ మొత్తానికి విడిగా చేసిన కొలతతో సరిచూడడం. మీరు మొదటి ఏడాది మూడో మెట్టు, అంటే ఒక్కొక్క రకం మూలానికి విడిగా లెక్క వేయడం, చేరితే గొప్పే. 2030 నాటికి 30 శాతం తగ్గించాలన్న 2021 నాటి ప్రపంచ మీథేన్ ప్రతిజ్ఞలో మన దేశం చేరలేదు కాబట్టి మీ మీద ఆ ఒత్తిడి లేదు, కానీ 2024 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన ఐరోపా మీథేన్ చట్టం దిగుమతి గ్యాసుకూ కొలతల ఆధారం అడుగుతోంది. ప్రపంచ మార్కెట్లో సరుకు కొనేచోట ఈ అలవాటు మన దాకా రావడానికి ఎక్కువ కాలం పట్టదు.

చివరగా మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. కొలవడం మొదలుపెట్టిన ఏడాది మీ అంకె బహుశా పెరుగుతుంది. ఇన్నాళ్లూ ఎవరూ లెక్కించని బ్లోడౌన్లు, జేసీబీ ఘటనలు, ప్యాకింగు గొట్టాలు ఒక్కసారిగా పట్టికలోకి వస్తాయి. నువ్వు వచ్చాకే ఉద్గారాలు పెరిగాయి అని ఏదో ఒక సమావేశంలో ఎవరో ఒకరు అంటారు. కాబట్టి పని మొదలుపెట్టక ముందే ఈ సంగతిని మీ మేనేజరుకు నోటితో కాకుండా కాగితం మీద తెలియజేసి, ఆయన సంతకం తీసుకుని, నివేదికలో పాత పద్ధతి అంకెను, కొత్త పద్ధతి అంకెను రెండేళ్ల పాటు పక్కపక్కనే చూపించండి.